చీటీ రాయలేని బట్ట కొనకండి

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "వింటేజ్ బట్టల బొటిక్ నడపడం". పెద్ద మాట. దాన్ని నేను ఈ అట్టముక్కంత చేసుకుని వచ్చాను. ఇదిగో, కనబడుతోందా? అరచేతిలో సగం ఉంటుంది. పైన చిల్లు, చిల్లులో దారం. మా కొట్లో హ్యాంగర్ ఎక్కిన ప్రతి బట్టకీ ఇలాంటి చీటీ ఒకటి కట్టి ఉంటుంది, చేత్తో రాసింది. దీని మీద నాలుగు వరుసలు. ఇదేమిటి? ఎప్పటిది, ఆ సంగతి ఎలా తెలిసింది? కొలతలెంత? లోపాలేమిటి? ధర వెనకవైపు. ముందున్న నాలుగూ చదివాకే ధర చూడాలని నా పట్టుదల. వచ్చినవాళ్లంతా ముందు వెనక్కే తిప్పుతారనుకోండి. (నవ్వులు)

ఈ నాలుగు వరుసలూ నింపలేనని తెలిస్తే ఆ బట్ట నేను కొనను. మొదటి రెండేళ్లూ నాకీ పట్టింపు లేదు. కంటికి అందంగా కనిపిస్తే చాలు, కొనేదాన్ని. కొట్టు వెనక గదిలో నా తెలియనితనమంతా నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉండేది.

మాటల సంగతి ఒకసారి తేల్చుకుందాం. వింటేజ్ అనేది ద్రాక్షతోటల నుంచి వచ్చిన మాట, ఏ ఏటి పంటో చెప్పడానికి. బట్టల్లోనూ ఏ కాలానిదో చెప్పగలిగితేనే ఆ మాటకి విలువ. వ్యాపారంలో వాడుకేమిటంటే, 20 ఏళ్లు దాటితే వింటేజ్, 100 దాటితే యాంటిక్, పాత ఫ్యాషన్ చూసి కొత్తగా కుట్టింది రెట్రో. ఈ లెక్కన 2000 తర్వాత మొదటి ఏళ్ల జీన్సులు కూడా వింటేజ్ అయిపోయాయి. నేను కొత్తవిగా కొని తొడుక్కున్న వాటి కోసం కాలేజీ పిల్లలు వచ్చి అడుగుతుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మామూలు బట్టల కొట్టుకీ మనకీ తేడా ఒక్క చోటే ఉంది, కానీ అక్కడే అంతా ఉంది. వాళ్లకి ఒక డిజైను వస్తే అయిదు సైజుల్లో పది పది వస్తాయి. వివరాలు కంపెనీయే రాసి పంపుతుంది. ఒకసారి ఫొటో తీస్తే యాభై అమ్ముడుపోయేదాకా పనికొస్తుంది. మనకి వచ్చేది ఒకే ఒక్కటి. ఉతకడం, రఫ్ చేయించడం (చిల్లు కనపడకుండా దారంతో అల్లించడం), కొలవడం, కాలం తేల్చడం, ఫొటో తీయడం, ఇదంతా ఒక్క అమ్మకం కోసం. అది పోయాక మళ్లీ మొదటికి. పైగా అది నచ్చిన మనిషికి సరిపోదు, సరిపోయిన మనిషికి నచ్చదు. కాబట్టి చాకిరీ పెట్టగలిగిన బట్టేదో, పెట్టకూడని బట్టేదో కొనేచోటే తెలిసిపోవాలి. అమ్మేటప్పుడు తెలివి చూపిద్దామంటే అప్పటికి ఆలస్యమైపోతుంది.

సరుకు ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు. వేలాల్లో దొరుకుతుంది, లండన్ పోర్టొబెల్లో, కాలిఫోర్నియా రోజ్ బౌల్ లాంటి సంతల్లో దొరుకుతుంది, పాత బట్టలు కుక్కి కట్టిన బేళ్లని తూకం లెక్కన అమ్మే గోదాముల్లో దొరుకుతుంది. బేలు గురించి ఒక్క మాట: మొదటిసారి విప్పినప్పుడు నిధి తవ్వినట్టుంటుంది, మూడోసారికి చెత్త ఏరినట్టుంటుంది. అందులో చాలా భాగం మళ్లీ మనమే వదిలించుకోవాలి, ఆ మోత ఖర్చు ఎవరూ లెక్కేసుకోరు.

నాకిష్టమైన సరుకు తలుపు తోసుకుని వచ్చేది. ఎవరో పెద్దావిడ పోతారు, కూతురో మనవరాలో ఒక సూట్‌కేసు పట్టుకుని వస్తారు. ఇక్కడ కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. సూట్‌కేసు తెరవగానే బట్టల మీద చెయ్యి వెయ్యకండి. ముందు వాసన చూడండి, మూత తీసిన మొదటి క్షణంలోనే. ముక్కిపోయిన వాసనా, కలరా ఉండల వాసనా, సిగరెట్టా? అయిదు నిమిషాలైతే మీ ముక్కు అలవాటు పడిపోతుంది, ఇక తెలీదు. తర్వాత "ఇవి ఎవరివండీ?" అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆవిడ ఎక్కడ పనిచేసేదో, ఏ పెళ్లికి ఇది కుట్టించుకుందో వాళ్లే చెప్తారు. అది మర్యాద. అదే మీ చీటీలో రెండో వరుస కూడా. పెళ్లి ఫొటో ఉంటే ఏడాది దానంతటదే తేలిపోతుంది.

ఆ తర్వాత చేతులు ఒక వరుసలో కదలాలి. ముందు చంకలు. చెమట పట్టిన చోట గుడ్డ పైకి బాగానే ఉన్నా లోపల కుళ్లి ఉంటుంది, రెండు వేళ్లతో మెల్లగా లాగితే చిటచిటమంటుంది. తర్వాత మెడ, తర్వాత తొడల మధ్య కుట్టు, తర్వాత కింది అంచు. చివరికి బట్టని కిటికీకి అడ్డంగా పట్టుకోండి. పురుగు కొట్టిన చిల్లులు బల్ల మీద కనిపించవు, వెలుతురులో చుక్కల్లా కనిపిస్తాయి. మేడిపండు సామెత ఊరికే పుట్టలేదు.

సరే, ఇప్పుడు ఇది చూడండి. (నల్లటి డ్రెస్సును హ్యాంగర్‌తో సహా ఎత్తి చూపిస్తూ) మొన్నే వచ్చింది, దీని చీటీ ఇంకా ఖాళీగా ఉంది. మనమందరం కలిసి రాద్దాం. రేయాన్ క్రేప్, పొడుగు చేతులు, నడుం బిగుతు, కింద కొంచెం కుచ్చు. బయట నుంచి ఇంతకన్నా ఏం తెలీదు. తిప్పేద్దాం. బట్ట తన వయసు లోపలి వైపు దాచుకుంటుంది.

కుట్ల అంచులు చూశారా? రంపంలా కోసి ఉన్నాయి, జిగ్‌జాగ్ కత్తెరతో. పోగులు ఊడకుండా అంచుని దారంతో చుట్టే ఓవర్‌లాక్ కుట్టు లేదు. 1940ల్లో, 50ల్లో ఇలా వదిలెయ్యడం మామూలు. ఓవర్‌లాక్ మిషన్ 19వ శతాబ్దంలోనే ఉంది కాబట్టి అది కనిపిస్తే కొత్తదని తీర్మానించకండి, కానీ ఈ రంపపు అంచు ఒక ఆనవాలు. ఇక్కడ పక్క కుట్టులో చిన్న గుడ్డ లేబుల్ ఉంది. అమెరికాలో ఆడవాళ్ల బట్టలు కుట్టే కార్మికుల సంఘం, ఇంటర్నేషనల్ లేడీస్ గార్మెంట్ వర్కర్స్ యూనియన్‌ది. ఆ సంఘం 1900లో పుట్టింది, 1995లో మరో సంఘంతో కలిసిపోయింది. అంటే ఈ లేబుల్ ఉన్న బట్ట 1995కి ఇటుది అయ్యే అవకాశం లేదు. మధ్యలో లేబుల్ మీది బొమ్మ పలుసార్లు మారింది, ఆ మార్పులు నేర్చుకుంటే ఇంకా దగ్గరికి రావచ్చు.

ఇప్పుడు లేనివేమిటో చూద్దాం. ఇందులో ఏ రకం పోగు ఎంత శాతమో చెప్పే లేబుల్ లేదు. అమెరికాలో ఆ చట్టం 1960 మార్చి నుంచి అమలైంది. ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ కూడా లేదు, అది 1972 జూలై నుంచి తప్పనిసరి. రెండూ లేవు కాబట్టి 1960కి ముందుదని అనిపిస్తుంది. అనిపిస్తుందంతే. మెడ దగ్గర గుచ్చుకుంటోందని లేబుళ్లు కత్తిరించేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇంట్లో కుట్టుకున్నదానికి అసలు లేబులే ఉండదు. లేబుల్ ఉంటే సాక్ష్యం, లేకపోతే అనుమానం. ఆ తేడా మర్చిపోతే చీటీ మీద అబద్ధం రాస్తారు.

ఇక జిప్పు. ఎడమ పక్కన ఉంది, ఆ కాలానికి తగ్గట్టే. ముందు కూర్చున్నవాళ్లు పట్టుకుని చూడండి. లోహమా, ప్లాస్టిక్కా? అవును, నైలాన్. ఇప్పుడు చిక్కొచ్చింది కదా! జిప్పుకి ఇప్పుడున్న రూపం గిడియన్ సండ్‌బ్యాక్ 1913లో ఇచ్చాడు, డ్రెస్సుల్లోకి 1930ల్లో వచ్చింది, చాలాకాలం లోహపు పళ్లే. నైలాన్ జిప్పులు విరివిగా వచ్చింది 1960ల్లో. అంటే మనం ఇంతసేపూ చెప్పుకున్నదంతా తప్పా?

దారం చూడండి. డ్రెస్సంతా కుట్టిన దారం వయసుతో గోధుమరంగు తిరిగిన నలుపు. జిప్పు కుట్టిన దారం కటిక నలుపు, మెరుపు కూడా ఉంది. ఇంకా దగ్గరికి తెచ్చుకుంటే, కొత్త కుట్టు పక్కనే వరసగా సన్న రంధ్రాలు, పాత సూది దిగిన గుర్తులు. ఎవరో పాత జిప్పు తీసేసి కొత్తది వేయించుకున్నారు. ఆవిడకి ఈ డ్రెస్సంటే అంత ఇష్టం అన్నమాట. కాబట్టి జిప్పుని లెక్కలోంచి తీసేస్తాం, తీసేసిన సంగతి నాలుగో వరుసలో రాస్తాం. "1950లు. అంచులు, లేబుళ్లను బట్టి. జిప్పు తర్వాత మార్చినది."

ఒక్క ఆనవాలు పట్టుకుని వయసు చెప్పకండి. జీన్సు అమ్మేవాళ్లు దీనివల్లే దెబ్బ తింటారు. లీవైస్ కంపెనీ జీన్సు వెనక జేబుకి ఉండే ఎర్ర ట్యాబ్ 1936లో వచ్చింది. దాని మీద పేరంతా పెద్ద అక్షరాల్లో ఉండేది, 1971లో అందులోని ఇ (E) అక్షరం చిన్నదైంది. దాంతో "బిగ్ ఇ" అంటే జనం ఎగబడతారు. కానీ ఆ కంపెనీయే పాత నమూనాలు మళ్లీ కుట్టి అమ్ముతోంది, వాటికీ పెద్ద ఇ ఉంటుంది. అందుకే వెనక జేబులు తిరగేసి చూడాలి. 1937 నుంచి 1966 దాకా ఆ జేబుల రివెట్లు, అంటే మూలలు చిరగకుండా కొట్టే లోహపు బిళ్లలు, బయటికి కనపడకుండా లోపల దాచి ఉండేవి. కుట్టు, గుండీ, రివెట్టు, లేబుల్, నాలుగూ ఒకే కథ చెప్పాలి.

బ్రిటన్ సరుకు చేతికొస్తే రెండు సీ అక్షరాలూ 41 అంకె ఉన్న ముద్ర కోసం వెతకండి. యుద్ధకాలపు యుటిలిటీ బట్టల గుర్తు అది. 1941లో మొదలైంది, బట్టల రేషన్ 1949లో ఎత్తేసినా యుటిలిటీ పథకం 1952 దాకా నడిచింది. ఆ ముద్ర ఒక్కటుంటే రెండో వరుస సగం రాసినట్టే.

మూడో వరుస, కొలతలు. ఈ డ్రెస్సు మీద సైజు 14 అని ఉంది. టేపు పెట్టి చూశాను, నడుం 27 అంగుళాలు. ఇవాళ అమెరికాలో 14 తొడుక్కునే మనిషి దీన్ని పట్టుకుని ట్రయల్ రూములోకి వెళ్తే ఏమవుతుంది? కుట్టు పోతుంది, ఆవిడ మనసు అంతకన్నా ముందు పోతుంది. అక్కడ 1958లో ఆడవాళ్ల సైజులకి ఒక ప్రమాణం రాశారు, 1983లో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత ఎవరి అంకెలు వాళ్లవే, ఏటేటా అదే అంకెకి బట్ట వదులవుతూ వచ్చింది. అందుకని లేబుల్ మీది సైజుని నేను చీటీలో రాయనే రాయను. ఛాతీ, నడుం, పిరుదులు, భుజాల మధ్య, పొడవు. బట్టని బల్ల మీద పరిచి కొలుస్తాను, మొదటి మూడూ రెట్టింపు చేసి రాస్తాను. భుజాల కొలత మర్చిపోకండి. నడుం విప్పి వదులు చెయ్యొచ్చు, కోట్లకి భుజం మార్చడమంటే మళ్లీ కుట్టినంత పని.

కౌంటరు దగ్గర ఒక టేపు వేలాడుతూ ఉంటుంది. "మీ సైజెంత?" అని ఎవరినీ అడగం. "మీకు బాగా సరిపోయే బట్ట ఒకటి తెచ్చుకోండి, దాన్ని దీని మీద పెట్టి చూద్దాం" అంటాం. ఒంటిని కొలిపించుకోవడానికి సిగ్గుపడేవాళ్లు కూడా తమ జాకెట్టుని కొలవడానికి ఇచ్చేస్తారు.

నాలుగో వరుస లోపాలు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న వరుస. ఒకసారి 1900ల నాటి పట్టు డ్రెస్సు కొన్నాను. తేనెరంగు, ముట్టుకుంటే గలగలమనే బరువైన పట్టు. భద్రంగా హ్యాంగర్‌కి వేసి ఇంటికెళ్లాను. పొద్దున్నే వచ్చి చూస్తే భుజాల నుంచి కిందికి నిలువుగా, ఎవరో బ్లేడుతో గీసినట్టు, పాయలు పాయలుగా చీలిపోయి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. దాని బరువుకి అదే చీలిపోయింది.

కారణం తర్వాత తెలిసింది. పట్టుదారం మీది జిగురు ఉడికించి తీసేస్తే బరువులో నాలుగో వంతు దాకా పోతుంది. పట్టు అమ్మేది తూకానికి. పోయిన బరువు పూడ్చడానికి ఆ రోజుల్లో తగరం లాంటి లోహాల లవణాల్లో ముంచేవాళ్లు. బట్ట బరువుగా, ఠీవిగా వేలాడేది, కొన్నవాళ్లు మురిసిపోయేవాళ్లు. ఆ లవణాలే లోపల నుంచి పోగుల్ని పెళుసు చేసేస్తాయి. దీనికి మందు లేదు, రఫ్ చేద్దామంటే సూది దిగిన చోటే మరో చీలిక. ఇప్పుడు పాత పట్టు కనబడితే అంచు దగ్గర మడిచి చూస్తాను. మడత దగ్గర సన్న గీత పడిందా, దణ్ణం పెట్టి వచ్చేస్తాను.

వేలాడదియ్యకూడనివి ఇంకా ఉన్నాయి. 1920ల పూసల డ్రెస్సులు పూసల బరువుకే భుజాల దగ్గర తెగుతాయి. 1930ల్లో ఐమూలగా కత్తిరించి కుట్టినవి సాగి, కింది అంచు వంకరైపోతుంది. ఇవి సొరుగులో పరిచి ఉంచాల్సినవే. ఆ కాలపు చమ్కీల్లో కొన్ని జెలటిన్‌తో చేసినవి, నీళ్లు తగిలినా ఆవిరి తగిలినా కరిగిపోతాయి. స్టీమరు పట్టుకునే ముందు ఒక చమ్కీ మీద తడి వేలు పెట్టి చూడండి. అసిటేట్ అనే కృత్రిమ గుడ్డతో వేసిన లైనింగు మీద మరక ఉంటే గోళ్లరంగు తుడిచే ద్రావకం జోలికి వెళ్లకండి, మరకతో పాటు గుడ్డా పోతుంది.

పురుగుల గురించి. ఉన్ని, పట్టు, బొచ్చు తినేది ఎగిరే పురుగు కాదు, దాని పిల్ల పురుగు. ఒక్క కోటుతో కొట్టంతా అంటుతుంది. కొన్న ఉన్ని బట్టల్ని నేను సరాసరి కొట్లోకి తేను. పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు, మామూలు వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. కలరా ఉండలు మాత్రం వద్దు. పురుగు సంగతేమో గానీ, ఆ వాసనకి కొనేవాళ్లు పారిపోతారు.

మామూలు వాసనలకి గాలి, ఓపిక. అత్తరు చల్లకండి, రెండు వాసనలూ కలిసి మూడోది పుడుతుంది. నాటకాల, సినిమాల దుస్తుల విభాగాల్లో వోడ్కా స్ప్రే చేస్తారు, నేనూ చేస్తాను, ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూశాకే. సరుకు రిజిస్టరులో "వోడ్కా" అని చూసి మా ఆడిటరు ఫోన్ చేశాడు. (నవ్వులు)

ధర సంగతి త్వరగా ముగిస్తాను. కొన్న ధరకి మూడు రెట్లు అని చెప్తుంటారు. నేను కొన్న ధరకి శుభ్రం చేసిన ఖర్చు, రఫ్ ఖర్చు, నా గంటలు కలిపి, దాని మీద లెక్కేస్తాను. ఒక్క బట్ట మీద నాలుగు గంటలు పెట్టి, ఆ గంటలు ఉచితం అనుకుంటే అది వ్యాపారం కాదు, వ్యసనం.

పెద్ద పేర్ల దగ్గర మరింత జాగ్రత్త. న్యూయార్కులో పేరున్న ఒక వింటేజ్ దుకాణం మీద షనెల్ కంపెనీ 2018లో దావా వేసింది. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ 40 లక్షల డాలర్ల నష్టపరిహారం ఇవ్వమంది. నకిలీ బ్యాగులు అమ్మారన్నది అందులో ఒక ఆరోపణ. ఖాయంగా తెలియని పేరుని మొదటి వరుసలో రాసేకంటే "నల్ల తోలు బ్యాగు" అని రాసి తక్కువకి అమ్ముకోవడం మేలు. చిరుత చర్మం కోట్లు, తాబేటి చిప్ప దువ్వెనలు వచ్చినా అంతే. వన్యప్రాణుల వ్యాపారం మీద 1975లో అమల్లోకి వచ్చిన సైటిస్ ఒప్పందం ఉంది, దేశాల చట్టాలు వేరే ఉన్నాయి. అవి తెలుసుకోకుండా ముట్టుకోవద్దు.

లోపాలన్నీ రాసేస్తే ఎవరు కొంటారని మా దగ్గర పనిచేసే అమ్మాయి మొదట్లో గొడవపడేది. ఒకరోజు ఆకుపచ్చ ఉన్ని కోటు చీటీలో "కుడి మోచేయి దగ్గర రెండు పురుగు చిల్లులు, రఫ్ చేశాం, వెలుతురులో కనిపిస్తుంది" అని రాశాను. ఒకాయన ఆ కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పది నిమిషాలు వెతికాడు. చివరికి మా అమ్మాయినే పిలిచి చూపించమన్నాడు. తనూ వెతికింది. ఇద్దరికీ ఒకటే దొరికింది. రెండోదాని కోసం నన్ను పిలిచారు. నాకూ వెంటనే దొరకలేదు, రఫ్ చేసినాయన పనితనం అలాంటిది. కొనడానికి వచ్చినాయన ఆ కోటు కొనుక్కుని, రఫ్ చేసేవాళ్ల చిరునామా కూడా పట్టుకెళ్లాడు.

ఇక మన డ్రెస్సు. చెప్తూ రాసేస్తాను. "నల్ల రేయాన్ క్రేప్ డ్రెస్సు. 1950లు, అంచులు, లేబుళ్లను బట్టి. నడుం 27 అంగుళాలు..." మిగతా కొలతలు తర్వాత నింపుతాను. "జిప్పు మార్చినది. ఎడమ చంక కింద పోగులు బలహీనం..." ఇంకా నడుం పట్టీ విప్పి లోపల చూడాలి, అక్కడ ఏదో గట్టిగా తగులుతోంది.

ప్రశ్నలుంటే అడగండి. ముందు వరుసలో ఆవిడ ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నారు. చెప్పండమ్మా. దీని ధరా? (నవ్వులు) చీటీ తిప్పి చూడండి. ఖాళీగా ఉంది కదా. ఆ పట్టీ విప్పాక రాస్తాను.